లయల్ టాకెట్ ఎటు చూశాడు

వయోమింగ్ రాష్ట్రం సేజ్ ఫోర్క్ ఊరి మెయిన్ వీధిలో ఫోటో దుకాణం నడుపుకుంటున్న ఓరిన్ హాల్‌వర్సన్ అనే నేను, వయసు అరవై నాలుగు, గుండె మాత్రమే చెడి బుర్ర చెడనివాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా, చుక్క మందు ముట్టకుండా, పట్టపగలు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా తదనంతరం నాకున్నది ఎవరెవరికి చెందాలో తెలుపుతూ రాస్తున్న వీలునామా ఇది.

ఈ ఏడాది మార్చి పన్నెండో తేదీన నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. రద్దుకు కారణం, దాన్ని నా భార్య చదవడం.

ఇది అమలు జరిపే బాధ్యత లాయరు క్లైడ్ వెంజర్‌ది. చిత్తుప్రతి చూసి క్లైడ్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఓరినూ, ఇల్లెవరికి, కెమెరాలెవరికి, అంతవరకు రాయి చాలు. ఈ ఏడుపంతా ఎందుకయ్యా? రేపు జడ్జి చదవాల్సిన కాగితం ఇది," అన్నాడు. "జడ్జి కూడా ఏటా పొగరు గుర్రాల రోడియోకి వస్తాడుగా, చదవనీ," అన్నాను. కాబట్టి అంతా రాస్తున్నాను.

1. మెయిన్ వీధిలోని దుకాణం, దానిపైన మేం కాపురముంటున్న ఇల్లు, వెనక చీకటిగది, అందులోని సామాను సమస్తం నా భార్య నెల్డాకు సర్వహక్కులతో చెందాలి. కూతురికి గానీ, నా తమ్ముళ్లకు గానీ వీటిలో ఎలాంటి వాటా లేదు.

ఇవన్నీ నా స్వార్జితమని రాయమన్నాడు క్లైడ్. రాయబోతే చెయ్యి ఆగింది. ఈ దుకాణాన్ని నిలబెట్టింది ఒకే ఒక్క ఫోటో. నేను తీసిందే. అందులో ఉన్నవాడు నా భార్య మొదటి మొగుడు లయల్ టాకెట్. పాస్టర్ అని పేరున్న పొగరు గుర్రం నాలుగు కాళ్లూ నేల విడిచి విల్లులా వంగి ఉంటుంది. లయల్ ఒక చేత్తో పగ్గం పట్టుకుని, రెండో చెయ్యి ఆకాశంలోకి చాచి, వెనక్కి వాలి ఉంటాడు. టోపీ తలమీంచి లేచి జానెడు ఎత్తులో గాల్లో ఆగి ఉంటుంది. వాడు నవ్వుతుంటాడు. ఆ బొమ్మలో వాడికి ఇరవై ఏడేళ్లు. నేను ఎన్ని మాత్రలు మింగినా వాడికి ఇరవై ఏడే.

వేసవిలో ఎక్కడెక్కడి జనమో వచ్చి ఆ బొమ్మ కొనుక్కెళ్తారు. దుకాణంలో కూర్చునేది నెల్డా. తన చేత్తో వాణ్ణి గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, "జాగ్రత్తండీ, మడత పడనివ్వకండి," అని చెప్పి అందిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ మాట వింటున్నాను. నన్నెప్పుడైనా ఇంత జాగ్రత్తగా ఎవరికైనా అందించిందా అని ఆలోచిస్తూ వెనక గదిలో నెగటివ్‌లు ఆరేసుకుంటుంటాను.

2. నా కెమెరాలు ఏడూ, లెన్సులు, వాటి తోలు సంచులు మా కూతురు కొరీన్‌కు చెందాలి.

కొరీన్ ఒకటో తరగతిలో ఉండగా టీచరమ్మ "మీ నాన్న బొమ్మ గీయండి" అంటే, ఇది దుకాణం గోడమీది రౌతును గీసుకొచ్చింది. టోపీ గాల్లో ఉంది. టీచరమ్మ "చాలా బాగుంది" అని బంగారు రంగు నక్షత్రం అంటించింది. నెల్డా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి దాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించింది. ఏడాదిపాటు పాలు తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా వాడు నాకు ఎదురొచ్చేవాడు. కొరీన్ తల్లీ, నిన్ను ఆ రోజే క్షమించాను. నక్షత్రం ఇచ్చినావిడను ఇంకా క్షమించలేదు.

పనిలో ఒక్క మాట గుర్తుంచుకో. రౌతును తీయాలంటే గుర్రాన్ని చూడాలి, గుర్రం వీపు ఎప్పుడు విరుచుకుంటుందో అప్పుడు నొక్కాలి. వాడు నేలమీద లేవకుండా పడి ఉంటే కెమెరా దించెయ్. ఆ బొమ్మ ఎవరెంత అడిగినా మన దుకాణంలో ఉండకూడదు.

3. కాస్పర్ ఊళ్లో ఉండే ఫోటోగ్రాఫర్ హార్లన్ బెక్‌కు వెలుతురు కొలిచే నా లైట్ మీటరు చెందాలి. దాని ముల్లు పనిచేయదు. పనిచేయదని తెలిసే ఇస్తున్నాను. లయల్ గుర్రం లేచిన ఆ క్షణంలో హార్లన్ నా పక్కనే ఒంగి తన కెమెరాలో రీలు మార్చుకుంటున్నాడు. అప్పటినుంచి ఎక్కడ కలిసినా నలుగురిలో "నా భుజం తగిలి వీడి వేలు నొక్కుకుంది. లేకపోతే ఆ బొమ్మ ఎక్కడిది!" అంటాడు. హార్లనూ, నీ భుజం నాకు తగల్లేదు. నువ్వు అప్పుడు రీలు మార్చుకుంటున్నావని నీ పిల్లలకు చెప్పు. నువ్వు కుళ్లుకున్నావని నాకు తెలుసు. కుళ్లుకోవడం గురించి ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

4. పై బొమ్మ నెగటివ్, అంటే ఆ రీలులో ఎనిమిదోది, సేజ్ ఫోర్క్ రోడియో కమిటీకి చెందాలి. మైదానం ముఖద్వారం గోడమీద వాళ్లు ఆ బొమ్మను రెండంతస్తుల ఎత్తున వేయించారు. కింద ఇత్తడి పలకమీద లయల్ పేరుంది, గుర్రం పేరుంది, గుర్రం యజమాని పేరుంది. తీసినవాడి పేరు లేదు. ఏడు ఉత్తరాలు రాశాను. ఏడింటికీ మర్యాదగా జవాబిచ్చారు. షరతు ఏమిటంటే, నా పేరు పలకమీద చేరిన రోజున నెగటివ్ వాళ్ల చేతికివ్వాలి. గుర్రం పేరు కంటే చిన్న అక్షరాలైతే ఇవ్వనక్కర్లేదు.

5. మైదానంలో కాఫీ, డోనట్ల బండి నడిపే డోర్కస్ ఫ్యూగేట్‌కు ఆమె చేతుల ఫోటోలు పదకొండు చెందాలి. అవి ఆమెకు తెలియకుండా తీసినవి. పిండి అంటిన ఆ వేళ్లు, చలికి ఎర్రబడ్డ ఆ కణుపులు నేను తీసిన వాటిలో రెండో మంచి బొమ్మలు. ఎవరూ కొనలేదు. వాటిలో టోపీ లేదు కదా. డోర్కస్, వర్షం కురిసి ఆట ఆగిపోయిన రోజుల్లో నాకు వేడి కాఫీ పోసి "కూర్చో ఓరిన్, గుర్రాలెక్కడికీ పోవు," అన్నందుకు ఇవి.

6. ఇప్పుడు అదే రీలులో ఏడో బొమ్మ. ఇది ఆస్తి కిందికి రాదంటాడు క్లైడ్. నా దగ్గర దాచుకోదగ్గ వస్తువు ఇదొక్కటే ఉండేది, అదీ దొంగసొత్తు. కాబట్టి ఎలా వచ్చిందో చెప్పాలి.

యుద్ధం అయ్యాక సైన్యం నుంచి వచ్చి, ఊళ్లో అందరిలాగే నేనూ ఒకసారి పొగరు గుర్రం ఎక్కాను. గుర్రాన్ని నిలిపి ఉంచే ఇరుకు బోను గేటు తీశారు. గుర్రం మొదటి ఎగురుకే నేను నేలమీదున్నాను. మెడకింది ఎముక విరిగింది. కంచె దూకి వచ్చి చంకకింద చెయ్యి వేసి లేపినవాడు లయల్. అప్పటికి ఇరవై ఏళ్లవాడు. "నేల మెత్తగా ఉందా అన్నా?" అన్నాడు. "నువ్వూ వచ్చి చూడు," అన్నాను. పడీపడీ నవ్వి, నన్ను డాక్టరు దగ్గరికి తన బండిలోనే తీసుకెళ్లాడు. అదే నా కష్టం. వాడు వెధవైతే ఎంత సుఖంగా ఉండేది! వాణ్ణి తిట్టుకుందామని కూర్చుంటే ఏదో ఒక మంచిపని చేసి పోయేవాడు.

ఎముక అతికాక గుర్రం మానేసి కెమెరా పట్టాను. పందొమ్మిది వందల నలభై తొమ్మిది జూలైలో గ్యాలరీ మూడో వరసలో పసుపు కోటు వేసుకున్న ఒక అమ్మాయి బొమ్మ తీశాను. నాకు అవసరం లేకపోయినా తీశాను. పెద్దది చేసి దుకాణం అద్దాల్లో పెట్టాను. ఆ అమ్మాయి అటువైపుగా పోతూ చూస్తుందని, లోపలికొచ్చి అడుగుతుందని నా ఆశ. వారం తిరక్కుండా లయల్ వచ్చాడు. "ఈ పిల్లెవరన్నా?" అన్నాడు. నేనే చెప్పాను. దుంపల రైతు ఎస్కిల్డ్‌సన్ కూతురనీ, పేరు నెల్డా అనీ, ఎప్పుడూ మూడో వరసలో మైకు గది పక్కన కూర్చుంటుందనీ పూసగుచ్చినట్టు చెప్పాను. అద్దాల్లోంచి తీసిచ్చిందీ నేనే. "నువ్వు దేవుడివన్నా," అని బొమ్మ చంకలో పెట్టుకుని పోయాడు. క్రిస్మస్‌కు పెళ్లయింది. పెళ్లి ఫోటోలు తీసింది కూడా నేనే. ఒక్కటీ మసకగా రాలేదు. అప్పటికే నేనంత పనిమంతుణ్ణి.

ఆ తర్వాత నాలుగేళ్లపాటు వాడు బోనులో కూర్చున్న ప్రతిసారీ తలెత్తి మూడో వరసలోకి చూసేవాడు, ఆమె చెయ్యి ఊపేది, వాడు గేటు తీయమని తలూపేవాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎందుకంటే కెమెరాలో రీలు ఎక్కించే ముందు నేనూ మూడో వరసలోకే చూసేవాణ్ణి. నావైపు ఎవరూ చెయ్యి ఊపలేదు.

పందొమ్మిది వందల యాభై మూడు ఆగస్టు. జిల్లా రోడియోలో చివరి రోజు, మధ్యాహ్నం నాలుగింటి వేళ. నేను ఆ వారమే కొన్న పైనా కిందా రెండు లెన్సులుండే రెండు కళ్ల కెమెరా మెడలో వేసుకుని బోనుకు ఎదురుగా నిలబడ్డాను. దాంట్లో పైనుంచి కిందికి అద్దంలోకి చూస్తూ బొమ్మ తీయాలి. రీలుకు పన్నెండు. ఏడోది తీసేటప్పుడు లయల్ జీనుమీద సర్దుకుని పగ్గం బిగించాడు. తలూపాలి. ఊపలేదు. మొహం ఒక పక్కకు తిప్పి చూశాడు. రోజూ కంటే ఎక్కువసేపు చూశాడు. నా అద్దంలో అది గ్యాలరీ వైపు. నాకు కడుపు మండింది. మీట నొక్కాను. అప్పుడు వాడు తలూపాడు.

ఎనిమిదోది మీ అందరికీ తెలుసు. తొమ్మిదోది నేను తీయలేదు. గుర్రం కంచెకు గుద్దుకుని, తిరగబడి వాడి మీద పడింది. కెమెరా అక్కడ వదిలేసి పరుగెత్తాను. నేను వెళ్లేసరికే నలుగురు చేరారు. మట్టిలో పడి ఉన్న టోపీ తెచ్చి వాడి పక్కన పెట్టడం తప్ప నాకు చేయడానికేమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే పోయాడు.

రీలు కడిగాక ఏడో నెగటివ్‌ను ఒక్కసారి వెలుగుకెత్తి చూశాను. బొటనవేలంత బొమ్మ, తెలుపు నలుపుగా నలుపు తెలుపుగా, పక్కకు తిరిగిన తల. అంతే చాలనిపించింది. కవరులో పెట్టి అడుగు సొరుగులో పడేశాను. ప్రింటు వేయలేదు. ప్రింటు వేస్తే వాణ్ణి ఆమెకు ఇంకోసారి నా చేత్తో ఇచ్చినట్టవుతుంది. ఒకసారి ఇచ్చాను, చాలు.

మరుసటి ఏప్రిల్లో నెల్డా దుకాణానికి వచ్చింది. నల్ల చేతితొడుగులు వేసుకుని ఉంది. ఆ మాటా ఈ మాటా ఏమీ లేదు. "ఓరిన్, నువ్వు బోను ఎదురుగానే ఉన్నావు కదా. గేటు తీసేముందు వాడు నాకోసం చూశాడా?" అని అడిగింది.

"లేదు. గుర్రం చెవులే చూస్తున్నాడు," అన్నాను.

తడబడలేదు. ముందే అనుకుని పెట్టుకున్న మాట కూడా కాదు. అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడి చాలాసేపు ఏడ్చింది. చేతితొడుగుతోనే కళ్లు తుడుచుకుని, "నిజం చెప్పావు. చాలు," అని వెళ్లిపోయింది. కడసారి వాడు తనను తలచుకోలేదని ఏడుస్తోందనుకున్నాను. ఆ రోజు సిగ్గుపడ్డానని ఇక్కడ రాస్తే బాగుంటుంది గానీ, పడలేదు. సంతోషించాను. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చింది, ఊరికే. ఆపైన మరుసటి ఏడాది జూన్‌లో మా పెళ్లి.

నెల్డా నాకు ఏ లోటూ చేయలేదు. లోటు వెతికింది నేను. పదేళ్ల కిందట ఆమెకు పిత్తాశయంలో రాళ్లు తీశారు. మత్తు దిగేటప్పుడు మనిషి మనసులో ఉన్న పేరు పైకి వస్తుందని ఎవరో చెప్పారు. నేను మంచం పక్కన కుర్చీ దగ్గరికి లాక్కుని, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి రెండు గంటలు కూర్చున్నాను. ఆఖరికి పెదవులు కదిలాయి. "బిస్కట్... బిస్కట్ గదిలోకి వచ్చిందా?" అంది. బిస్కట్ మా కుక్క. ఆ కుక్క మీద కూడా నాకు వారంరోజులు కోపం పోలేదు.

7. మార్చి పన్నెండో తేదీ సంగతి. డాక్టరు నా గుండె ఫిల్ము చూపించి, రాయాల్సినవి రాసుకోమన్నాక, మొదటి వీలునామా చేత్తో రాశాను. అందులో ఏడో బొమ్మను, దాని వెనకున్న అబద్ధంతో సహా, నేను పోయాక నెల్డాకు చేరేలా రాశాను. పోయాక అని రాయడంలోనే నా ధైర్యమెంతో తెలుస్తోంది. కాగితాలు వంటింటి బల్లమీద పెట్టి మందులకు వెళ్లాను. ఫోటోల కింద వేసే రాతలన్నీ నెల్డానే టైపు చేస్తుంది. ఇవీ అవేననుకుంది. నేను వచ్చేసరికి టైపు మిషన్లో కాగితం ఇంకా ఉంది. "లయల్ ఆమె కోసం చూశాడు, నేను" అన్నంతవరకు కొట్టి ఆగిపోయింది. తర్వాతి మాట కొట్టలేదు.

ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఆ రోజు నేను గ్యాలరీలో లేను ఓరిన్," అంది.

మందుల సంచి చేతిలో పట్టుకునే నిలబడ్డాను.

"పొద్దున పోట్లాడుకున్నాం. ఆ ఏడాదితో గుర్రాలు మానేస్తానని మాటిచ్చి, వచ్చే ఏటికి మళ్లీ పేరిచ్చొచ్చాడు. 'నువ్వు చచ్చేది చూడ్డానికి నేను రాను. మూడో వరసలోకి ఎంత చూసినా ఖాళీ బల్లే కనబడుద్ది నీకు,' అన్నాను. అన్నదాన్ని అన్నట్టే గ్యాలరీలోకి రాలేదు. పశువుల దొడ్ల వెనక ట్రక్కులో అద్దాలెత్తుకుని కూర్చున్నా. జనం ఒక్కసారి హోరుమన్నారు. తర్వాత ఒక్కసారి నోరు మూసుకున్నారు. అంతే నేను విన్నది."

నేను కూర్చున్నాను.

"నాకోసం చూశాడా అని నిన్నెందుకడిగాననుకున్నావ్? మురిసిపోడానికా? నాకోసం చూసి, నేను లేకపోయేసరికి మనసు చెదిరి పడ్డాడేమో, నేనే చంపుకున్నానేమో అని అడిగాను. ఎనిమిది నెలలు అన్నం సహించలేదు నాకు. నువ్వు గుర్రం చెవులు చూస్తున్నాడన్నావ్. ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్లు నిద్రపోయాను. ఆ మాట చెప్పావనే నిన్ను చేసుకున్నాను. అదీ అబద్ధమేనన్నమాట."

"నాకు కుళ్లు, నెల్డా," అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"తెలుసు. నీ కుళ్లు నాకు పెళ్లినాడే తెలుసు. అది నామీద ప్రేమ అనుకుని ఊరుకున్నాను. నా నిద్ర కూడా దాంట్లోదేనని తెలీదు," అంది.

కోటు వేసుకుని కొరీన్ ఇంటికి వెళ్లింది. తొమ్మిది రోజులు రాలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను డబ్బా సూపు తాగుతూ, ఎవరైనా ఆ బొమ్మ కోసం వస్తే "లేవు, అయిపోయాయి," అని పంపేశాను. గోడమీద వాడు నవ్వుతూనే ఉన్నాడు. ఒకరోజు వాణ్ణి గోడవైపు తిప్పి పెట్టాను. మధ్యాహ్నానికి మళ్లీ నేనే ఇటు తిప్పాను. తిప్పకపోతే వాడు వెనకనుంచి నవ్వుతున్నట్టుంది.

పదో రోజు పొద్దున నెల్డా వచ్చింది. కోటు కూడా విప్పలేదు. "ప్రింటు వెయ్యి. నేను చూడాలి," అంది.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ఇద్దరం నిలబడ్డాం. కాగితం మందునీళ్లలో వేశాను. ముందు టోపీ వచ్చింది, తర్వాత భుజం, బోను చెక్కలు, గేటుమీది అంకె, చివరికి మొహం. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఆ బొమ్మను సరిగ్గా చూడడం అదే మొదటిసారి. కడిగి ఇచ్చాను. నెల్డా దాన్ని తడిగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నేను చేతులు తుడుచుకుంటూ వెనకే వెళ్లాను.

"గ్యాలరీ పడమటి వైపే కదా?" అంది.

"అవును."

"ఆగస్టులో, నాలుగింటప్పుడు, పడమటి ఎండకు ఎదురుగా చూసేవాడు కళ్లు ఇంతింత తెరుస్తాడా ఓరిన్?"

చూశాను. వాడు కళ్లు చిట్లించలేదు. మొహం మొత్తం నీడలో ఉంది. ఎండ టోపీ వెనక భాగం మీద, మెడ మీద పడుతోంది. గేటుమీది అంకె తిన్నగా ఉంది కాబట్టి ప్రింటు తిరగబడలేదు. వాడి మొహం తూర్పుకు తిరిగి ఉంది.

రెండు కళ్ల కెమెరా అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. అది కొన్న వారమంతా నేను కెమెరాను ఇటు తిప్పబోయి అటు తిప్పుతూనే ఉన్నాను. ఆ క్షణంలో మాత్రం అద్దం చెప్పినదే నమ్మాను. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను. ఎండా నీడా చదవడమే నా బతుకు. ఈ ఒక్క బొమ్మలో ఎండ ఎటునుంచి వస్తోందో చూడలేదు.

తూర్పున గ్యాలరీ లేదు. పశువుల దొడ్లు, వాటి వెనక బళ్లు నిలిపే చోటు.

"నా ట్రక్కు చూస్తున్నాడు," అంది నెల్డా. "కోపంతో ఇంటికి పోయానేమోనని చూశాడు. ట్రక్కు అక్కడే ఉంది. ఆ మూతి చూడు, ఒక పక్కకి ఎలా తిప్పాడో. ఇది గెలిచినప్పటి నవ్వు కాదు. నేను అలిగి, మాట్లాడకుండానే వాడికి కాఫీ పోసినప్పుడు నవ్వేవాడు ఇలాగ." బొమ్మను ఇంకాస్త వెలుగుకు తిప్పి, "పోలేదని తెలుసు వాడికి. తెలిసే తలూపాడు," అంది.

కిటికీ గట్టుమీద బొమ్మ పెట్టి నావైపు తిరిగింది. "ఇది దాచావు ముప్పై ఏళ్లు. ఇది చూపించి ఉంటే ఆ రోజే నిమ్మళించేదాన్ని. చూపించకుండా నాకోసం చూశాడన్న ఒక్క మాటే చెప్పి ఉంటే చచ్చేదాన్ని. నిన్ను తిట్టాలో, కూర్చోబెట్టి కాఫీ పొయ్యాలో తెలీడంలేదు నాకు."

ఆ రోజు రెండూ చేసింది. ముందు తిట్టింది.

ఆమెకు నెమ్మది దొరికినందుకు నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, సాయంత్రం దాకా. ఆ తర్వాత మళ్లీ మొదలైంది. గ్యాలరీలో మూడో వరస చూడ్డం ఎవడైనా చేస్తాడు. నేనూ చేశాను. అంత జనంలో, ఆ గోలలో, దొడ్ల వెనక వంద బళ్లలో ఆమె ట్రక్కు ఎక్కడుందో వెతికి చూసుకోవడం నాకు తట్టేది కాదు. నేనైతే ఖాళీ మూడో వరస చూసి మొహం వేలాడేసుకునేవాణ్ణి. ఇన్నాళ్లూ వాడి అందం చూసి, వాడి వయసు చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు సరైన కారణం దొరికింది.

8. కాబట్టి ఏడో నెగటివ్, దాని ఏకైక ప్రింటు నా భార్య నెల్డాకు చెందాలి. ఇప్పటికే ఆమె స్వాధీనంలో ఉన్నాయి. వాటిని రోడియో కమిటీ గానీ, పత్రికల వాళ్లు గానీ, హార్లన్ బెక్ గానీ అడగకూడదు. ఆమె వాటిని బీరువాలో చలికోట్ల కింద పెట్టుకుంది. చూసుకుంటుందో లేదో నేను అడగలేదు. కోట్ల మడత మారిందేమో అని మాత్రం అప్పుడప్పుడు తలుపు తీసి చూస్తుంటాను. రెండుసార్లు మారింది.

9. నా దేహం గురించి.

కొండ కింది శ్మశానంలో లయల్ సమాధిరాయి ఉంది. దానిమీద ఎడమవైపు "లయల్ టాకెట్, 1926–1953" అనీ, కుడివైపు "నెల్డా టాకెట్, 1929–" అనీ ఉంటుంది. గీత తర్వాత ఖాళీ. వాడు పోయిన ఏడే వాళ్లమ్మ ముసలావిడ రెండు పేర్లూ ఒకేసారి చెక్కించింది. అప్పటికి నెల్డాకు ఇరవై నాలుగేళ్లు. ఆమెనెవరూ అడగలేదు. ఏటా మే నెలాఖరున పోయినవాళ్లను తలుచుకునే రోజున నేను పూలకుండీ మోసుకుంటూ వెనక నడుస్తాను, నెల్డా కలుపు పీకుతుంది, నేను నా భార్య పేరును ఇంకొకడి పక్కన చదువుతూ నిలబడతాను. ఒక ఏడు నేనొక్కణ్ణే ఒక డబ్బాలో సున్నపు ముద్ద పట్టుకెళ్లి ఆమె పేరులో మొదటి రెండు అక్షరాలు పూడ్చాను. మూడోది పూడుస్తుండగా పిచ్చుక ఒకటి వచ్చి రాయిమీద వాలి నన్ను చూసింది. అది ఆరకముందే చాకుతో మొత్తం గీకి, నీళ్లు పోసి కడిగి వచ్చాను.

పోయిన ఆదివారం గిన్నెలు కడిగే దగ్గర అడిగాను. "నిన్ను ఎక్కడ పెట్టమంటావు నెల్డా?"

"ముందు నువ్వు పో. తర్వాత చూద్దాం," అంది.

ఒక ప్లేటు తుడిచి పెట్టాక, "ఆ రాయి మీద పేరు నాది కాదు. ఆ ఇంటిపేరుతో నన్ను పిలిచినవాళ్లు కూడా లేరిప్పుడు," అంది. నేను ఊపిరి వదిలేలోపే ఇంకో ప్లేటు అందుకుని, "అలాగని నీ పక్కనొచ్చి పడుకుంటానని కూడా అన్లేదు. మొహం అలా వెలిగించుకోకు," అంది.

కాబట్టి నా ఆదేశం ఇది. నన్ను అదే శ్మశానంలో ఉత్తరపు కంచె దగ్గర, లయల్ రాయి కనబడనంత దూరంలో పాతిపెట్టాలి. నా రాయి ఇద్దరికి సరిపడా వెడల్పుండాలి. ఎడమ సగంలో నా పేరు, నా తేదీలు చెక్కాలి. కుడి సగం నునుపు చేసి వదిలేయాలి. "ఆవిడ రాకపోతే?" అన్నాడు క్లైడ్. రాకపోతే నునుపుగానే ఉంటుంది. ఆమె బతికున్నంతకాలం ఆ సగం మీద కొరీన్ గానీ, క్లైడ్ గానీ, జాలిపడి ఇంకెవరైనా గానీ ఒక్క అక్షరం చెక్కించకూడదు, గీత కూడా గీయించకూడదు. ఆమె ఎక్కడ ఉంటానని చెబితే అక్కడే ఉంచాలి, ఏ పేరు చెబితే ఆ పేరే చెక్కాలి. అది లయల్ పక్కనైనా సరే. ఈ చివరి మాట రాయడానికి నాకు పొద్దుటినుంచి పట్టింది. రాశాను.

పై తొమ్మిది అంశాలూ చదివి, చదివించుకుని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సేజ్ ఫోర్క్, 1984 అక్టోబరు 9, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు.

(సంతకం) ఓరిన్ హాల్‌వర్సన్

సాక్షులు:
ఎల్బర్ట్ నాడ్సన్, మంగలి షాపు, మెయిన్ వీధి
రూతాన్ బిగ్లో, పోస్టాఫీసు, సేజ్ ఫోర్క్